రేకుల ఇంట్ల ఎండ

దోస్తూ,

మంచిగున్నవా? పాలమూరుల వానలు మొదలైనయా? నల్లగొండల మబ్బులైతే రోజూ వస్తున్నయ్, ముఖం చూపించి పోతున్నయ్.

మొన్న మే నెలల మా వాడకట్టుల ఓ అవ్వ కాలం చేసింది. కూలికి పోలే, ఎండల తిరగలే. రేకుల ఇంట్ల మంచం మీద పండుకున్నది పండుకున్నట్టే పోయింది. కొడుకు పరిహారం అడగబోతే, "ఇంట్లున్న మనిషికి వడదెబ్బ ఎట్ల తగుల్తది?" అన్నడట ఎవరో సారు. కాయితం మీద గుండెపోటు అని రాసిన్రు. అబద్ధమేం గాదు, కానీ అసలు సంగతి అండ్ల లేదు.

ఎండల పనిచేసేటోళ్లకు గంటల్ల తగిలే దెబ్బ వేరు, ముసలోళ్లకు రెండు మూడు రోజులు మెల్లగ ఎక్కేది వేరు. రేకు పగలంత పెనం లెక్క కాగి, రాత్రంత ఆ వేడి కిందికే కక్కుతది. వయసుకు దాహం తెల్వది, చెమట సరిగ పట్టది. బీపీకి కొందరు వాడే గోళీ ఒంట్ల నీళ్లు ఇంకా తీసేస్తది. రాత్రన్న ఒళ్లు సల్లబడకపోతే గుండె ఎన్నొద్దులు ఓర్సుకుంటది? వాతావరణం మారుడంటే మనం పగటి 45 డిగ్రీలే చూస్తం, కానీ రాత్రులు గూడ ఉడుకెక్కుతున్నయ్ గదరా.

2025 ఏప్రిల్‌ల సర్కారు వడదెబ్బను రాష్ట్ర విపత్తు కింద పెట్టి, పరిహారం 50 వేల నుంచి 4 లక్షలు చేసింది. మంచి పనే, కాదనను. కానీ తాసిల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురు ఔనంటెనే చావు లెక్కకెక్కుతది. అవ్వ అసొంటోళ్లను ఎవరు ఔనంటరు?

2023ల చల్లటి ఇంటికప్పుల పాలసీ గూడ వచ్చింది, ఎండను ఎనక్కి కొట్టే తెల్లరంగు లెక్కటివి కప్పుకు ఏపిచ్చుడు, యాదికున్నదా? ఇండ్లకైతే 600 గజాలు, ఆ పైన జాగ ఉన్నోళ్లకే తప్పనిసరి. తక్కువున్నోళ్లకు వాళ్లిష్టం. ఆరు నూర్ల గజాలున్నోడు రేకుల కింద ఎందుకు పంటడు చెప్పు!

అహ్మదాబాదోళ్లు తెలివి చేసిన్రు. 2010 మే నెలల చావులన్నీ, కారణం ఏం రాసున్నా సరే, ముందటి ఏండ్లతోని పక్కపక్కన పెట్టి చూస్తే 1,344 ఎక్కువ తేలినయ్. ఆ లెక్క పుణ్యాన 2013ల వేడి మీద ప్లాను తయారు చేసిన్రు. నువ్వు జిల్లా మీటింగులకు పోతవు గద, మనకాడ గూడ ఏప్రిల్, మే చావులు మొత్తం అట్ల లెక్క తీయమని అడుగు. ఆశా అక్కలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉపాధి పనికాడ ఇస్తున్నరు, సంతోషం. రేకుల ఇండ్లల్ల ఒంటరిగ ఉండే ముసలోళ్ల పట్టీ గూడ రాసుకోవాలె, వచ్చే మార్చి లోపల్నే. వాళ్ల కప్పులకు సర్కారే సున్నమేపిస్తే ఎంత ఖర్చయితదో అది గూడ అడిగి రాయి.

పిల్లలకు బత్తాయిలు పంపుతున్న. దసరాకు రాకపోయినవో, నీ సంగతి చెప్త.

నీ దోస్తు