పేరు చూసి ఇల్లు అద్దెకిస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఒక మాట అనుకున్నారు. ఇక మీదట ఖాళీ అయ్యే ఫ్లాట్లు ముస్లింలకు అద్దెకివ్వొద్దట. మినిట్స్ బుక్కులో మాత్రం ఎక్కించలేదు, రాస్తే బాగోదని సెక్రటరీ గారే అన్నారు. ఎందుకండీ అని నేనడిగితే, "దిల్‌సుఖ్‌నగర్ అప్పుడే మర్చిపోయారా మేడమ్?" అన్నారు.

మర్చిపోలేదు. 2013 ఫిబ్రవరి 21, గురువారం, రాత్రి ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. మా వంటింటి కిటికీ అద్దాలు గజగజలాడాయి. మావారు రోజూ అక్కడి 107 బస్టాప్ దగ్గరే బస్సెక్కేవారు. ఫోన్ చేస్తే కలవదు. మెట్ల మీదికొస్తే ఎదురింటి భాభీ కూడా ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉంది, వాళ్లాయనదీ అదే దారి. ముప్పావుగంట ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం. మా ఇద్దరిళ్ల మనుషులూ క్షేమంగానే వచ్చారు. రాని వాళ్లు, కడుపులో బిడ్డతో కలిపి, 18 మంది. మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, భాభీ వాళ్లాయన స్క్రూడ్రైవర్ పట్టుకుని తమ గుమ్మం పక్కనున్న నేమ్‌ప్లేటు ఊడదీస్తున్నారు. నన్ను చూసి "పాతబడింది, మార్పిద్దామని" అన్నారు. ఇంతవరకూ కొత్తది పెట్టలేదు.

ఆ బాంబులు పెట్టిన ఇండియన్ ముజాహిదీన్ అనే టెర్రరిస్టు ముఠాలో ఐదుగురికి 2016లో ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. మంచి పని చేసింది. మతం పేరు చెప్పి ప్రాణాలు తీసేవాళ్ల మీద నాకు జాలి లేదు. ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకే కశ్మీర్‌లోని పహల్గాంలో టెర్రరిస్టులు టూరిస్టులను మతం అడిగి మరీ కాల్చారు, 26 మంది పోయారు. వాళ్లకు అడ్డుపడబోయి చనిపోయిన గుర్రాలతనూ ముస్లిమే.

అయితే మావాళ్లు చెప్పే మందు ఈ రోగానికి పనిచేయదు. 2008 నవంబరు 26న (26/11) ముంబై మీద దాడికొచ్చిన పాకిస్తానీ టెర్రరిస్టు కసబ్ దగ్గర దొరికిన దొంగ ఐడీ కార్డు మీద ఉన్నది హిందూ పేరు. అందులో కాలేజీ అడ్రస్ ఎక్కడిదనుకున్నారు? మా దిల్‌సుఖ్‌నగర్‌దే! ముంజేతికి ఎర్రదారం కూడా కట్టుకొచ్చాడు. దాడికి ముందే ముంబై అంతా తిరిగి వీడియోలు తీసుకెళ్లిన దావూద్ గిలానీ, 2006లోనే పేరు మార్చుకుని డేవిడ్ హెడ్లీ అయ్యాడు. మా అసోసియేషన్ లెక్కన వీళ్లిద్దరికీ ఫ్లాటు దొరికేది. ఆ దాడిలో చచ్చిన టెర్రరిస్టులను మా ఖబ్రస్తాన్‌లో పూడ్చనివ్వం అని తెగేసి చెప్పిన ముంబై ముస్లిం పెద్దలకు మాత్రం దొరకదు.

"అనుమానం వస్తే వాళ్లే పోలీసులకు చెప్పొచ్చుగా" అన్నారొకరు. చెప్పాలి, ఎవరైనా చెప్పాలి. కాకపోతే స్టేషన్ గడప తొక్కాలంటే ధైర్యం ఉండాలి కదా. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పదులకొద్దీ పట్టుకెళ్లారు. నిర్దోషులని తేలాక ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ఇచ్చింది, తర్వాత హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2018లో, ఆ కేసులో తర్వాత విచారణ ఎదుర్కొన్న వేరే ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇదంతా దగ్గర్నుంచి చూసిన ఆ కుటుంబాల వాళ్లు అనుమానం వచ్చినా నోరు విప్పుతారా?

నా సంగతీ చెప్పాలి. నాకున్న రెండో ఫ్లాటులో నలుగురు కుర్రాళ్లు ఏడాదిగా ఉంటున్నారు. మా వైపు వాళ్లే కదా అని ఆధార్ కూడా అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్ కేసు నిందితులు అబ్దుల్లాపూర్‌మెట్‌లో గది అద్దెకు తీసుకునే పని కానిచ్చారు, ఈ ముక్క నాకు అప్పుడు గుర్తురాలేదు.

అద్దెకున్న వాళ్ల వివరాలు పోలీసులకిచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మా బిల్డింగులో ఎంతమంది ఇచ్చారని అడిగితే ఎవరూ పలకలేదు. ఈ ఆదివారం మళ్లీ మీటింగు. అద్దెకున్న ఫ్లాట్లు తొమ్మిది, ఫారాలు తొమ్మిది జిరాక్స్ తీయించి పెట్టాను. మొదటిది మా కుర్రాళ్లదే.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్