ఆదివారం చెత్త ఆ రాత్రికే ఎత్తాలి

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖను ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి చుట్టుపక్కల చిరుత కనిపించిందని తెలియగానే కాలనీల్లో టెన్షన్ మొదలవుతుంది. ఫోన్లలో వీడియోలు తిరుగుతాయి. 'దాని ఇంట్లోకి మనమే వెళ్లాం' అని నలుగురూ అంటారు. నిజమే, కానీ ఆ మాటతో పని జరగదు. ఎండాడ, మధురవాడ, ఆరిలోవ వైపు లేచిన ఇళ్లను ఎవరూ పడగొట్టబోరు. అడవి అంచున ఎలా మసలుకోవాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సింది.

ఒకప్పుడు విజయనగరం రాజుల కింద ఉన్న ఈ అడవి 1970లో అటవీ శాఖ చేతికి వచ్చింది. 2002లో అభయారణ్యమైంది. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి ఊరిని ఆనుకుని ఉండటం ఎన్ని నగరాలకు దక్కుతుంది?

మా పెద్దవాళ్లకు ఆ కొండంటే కట్టెలు, అడ్డాకులు, సీతాఫలాలు, మేకల మేత. ఇంటింటికీ గ్యాస్ వచ్చింది, విస్తళ్ల చోటికి కాగితం ప్లేట్లు వచ్చాయి, కొండతో అవసరం తీరిపోయింది. ఆ రోజులే బాగున్నాయని నేననను, అప్పటి గొడ్డలి దెబ్బలు తక్కువేం కాదు. కానీ ఏ గెడ్డ (వాగు) దగ్గర ఏం తిరుగుతుందో, పొద్దు ఎంత ఉండగా కొండ దిగాలో వాళ్లకు తెలుసు. మనకు అది టికెట్టు కొని తిరిగే పార్కు, లేదంటే అపార్ట్‌మెంట్ ప్రకటనలో 'హిల్ వ్యూ'. ఆ వ్యూకి రేటు కూడా ఎక్కువే!

ఆదివారం సాయంత్రం ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్లే రోడ్డు చూడండి. కార్లు ఆపి పిల్లల చేత కోతులకు చిప్స్ పెట్టిస్తుంటారు. కోతి ప్యాకెట్టును పళ్లతో చించి, అడుగున మిగిలిన కారం కూడా నాకి, కవరు పొదలో పడేసి మరో కారు దగ్గరికి వస్తుంది. పుణ్యం వస్తుందనుకుంటారు కాబోలు. రేపు అదే కోతి మన చేతిలో సంచి లాక్కుంటే మాత్రం అధికారులకు ఫోన్ చేస్తాం. ఆ పక్కనే బిరియానీ డబ్బాలు, ఎముకలు. వాటికోసం కుక్కలు, పందులు, ఎలుకలు చేరతాయి. ఎలుకల వెంట పాములు వస్తాయి. కుక్కల కోసం చిరుత దిగుతుంది, దానికి కుక్క తేలిగ్గా దొరికే తిండి. మిగిలిన ప్లాస్టిక్ వానకు గెడ్డల్లోకి కొట్టుకుపోతుంది. ముడసర్లోవ రిజర్వాయరు నీళ్లు మనం తాగేవే.

అడవి జీవులతో సర్దుకుని బతకడం ఈ నగరానికి చేతకాదని అనుకోను. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను అటవీ సిబ్బంది సేకరించి, పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. జనం దూరంగా నిలబడి చూస్తున్నారు కూడా.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అడవి అంచు రోడ్ల మీద ఆదివారం చెత్తను సోమవారం దాకా ఉంచకుండా ఆ రాత్రికే ఎత్తాలి. అక్కడ మూత ఉన్న డబ్బాలే పెట్టాలి, అదీ కోతులు తీయలేని మూత. కోతులకు తిండి పెట్టేవాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయాలి. వీధికుక్కల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ముందు ఈ కాలనీల్లో మొదలుపెట్టాలి. నగరపాలక, అటవీ అధికారులు 'అది మా పరిధి కాదు' అని ఒకరి మీద ఒకరు తోసుకోకుండా, ఏ రోడ్డు ఎవరిదో రాసి అక్కడే బోర్డు పెడితే ఫోన్ ఎవరికి చేయాలో మాకు తెలుస్తుంది.

- ఒక పాఠకుడు, ఆరిలోవ, విశాఖపట్నం