వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కథ సగమే చెబుతున్నాం

సంపాదకులకు నమస్కారం.

రాజధాని ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అమరావతిని నేరుగా శాతవాహనులతో ముడిపెట్టి రాయడం మన పత్రికలకు అలవాటైంది. శాతవాహనుల నాటి నగరం ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట. దాని పక్కనే, అమరేశ్వరాలయం చెంత కొత్త పట్టణం కట్టించి, 18వ శతాబ్దం చివర చింతపల్లి నుంచి తన నివాసాన్ని అక్కడికి మార్చుకున్నవారు జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని ఆ పట్టణానికి దిగువన కృష్ణ ఒడ్డున ఉన్నా, పేరు మాత్రం అక్కడిదే.

ఆయన గురించి ఎప్పుడైనా రాసినా దానధర్మాలతోనే ముగిస్తారు. అవి చిన్నవి కావు. మంగళగిరిలో 11 అంతస్తుల గాలిగోపురం, చేబ్రోలులో అరుదైన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఆయన కట్టించినవే. బేతవోలు ఆయన తండ్రి పేరిట జగ్గయ్యపేట అయింది. అయితే అమరావతి నిర్మాణానికి రాయి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా. కొత్త ఊరికి రాయి కోసం దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వుతుండగా పాలరాతిని తలపించే శిల్పఫలకాలు బయటపడ్డాయి. అది బౌద్ధ మహాస్తూపమని అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట విని 1797లో వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వకం సాగుతోంది. ఆయన బృందం శ్రద్ధగా గీసిన చిత్రాల వల్లనే, తర్వాత కనిపించకుండా పోయిన ఎన్నో ఫలకాల రూపం మనకు మిగిలింది.

అలాగని స్తూప విధ్వంసాన్నంతా నాయుడి మీదే మోపడం న్యాయం కాదు. ఆయనకు అది రాళ్లున్న దిబ్బ మాత్రమే. దాని విలువ తెలిసిన తర్వాత కూడా ఏం జరిగిందో చూడండి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో లండన్ చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో మిగిలిన దిబ్బనంతా తవ్వి తీయించారు. మరుసటి ఏడాది పురావస్తు శాఖకు చెందిన జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ ఉన్నది పెద్ద గొయ్యి. తెలిసి చేసిన నష్టం తెలియక చేసిన దానికంటే తక్కువదని నేను అనుకోను.

నాయుడు చెంచులను విందుకు పిలిచి చంపించారన్న స్థానిక కథ ఒకటుంది. నరుకుళ్లపాడు అనే ఊరి పేరును దానితోనే ముడిపెడతారు. ఆ పశ్చాత్తాపంతోనే ఆయన శివభక్తి వైపు మళ్లారని చెప్పుకుంటారు. దీన్ని జనశ్రుతిగానే రాయాలి, కానీ దాచనక్కర్లేదు.

అమరేశ్వరాలయానికీ స్తూపానికీ మధ్య కొద్దిపాటి నడక. గుడిలో మొక్కుకునే భక్తులకు స్తూపం కథ, స్తూపం చూడవచ్చే విద్యార్థులకు నాయుడి కథ చెప్పే ఏర్పాటు చేయవలసిందిగా సంబంధిత శాఖలను కోరుతున్నాను. మెకంజీ బృందం గీసిన చిత్రాలు కొన్నింటినైనా తెలుగు వ్యాఖ్యలతో మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు