లాగ్‌బుక్కులు సంతకాలకేనా?

సంపాదకులకు,

సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక 2019లో ఎంబీబీఎస్‌లో చేరిన బ్యాచ్‌తో దేశమంతటా అమలులోకి వచ్చింది. విద్యార్థికి ఏమి తెలుసో చూడడంతోపాటు రోగి పక్కన నిలబడి ఏమి చేయగలడో కూడా చూడాలన్నది దాని ఉద్దేశం. విద్యార్థి తాను చేసిన పనులను నమోదు చేసి అధ్యాపకుడి సంతకం తీసుకునే లాగ్‌బుక్కు తప్పనిసరి అయిందీ అందుకే. హైదరాబాద్‌లో చాలాకాలం వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా, ఆ లాగ్‌బుక్కుకు పట్టిన గతి చూసి, దానికన్నా పోర్ట్‌ఫోలియో మేలని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇంటర్నల్స్ (కాలేజీలో పెట్టే అంతర్గత పరీక్షలు) దగ్గరపడిన వారంలో డిపార్ట్‌మెంటు వరండాలో లాగ్‌బుక్కుల కట్టలతో విద్యార్థులు బారులు తీరుతారు; లోపల ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ నెలల తరబడి జరిగిన పనికి ఒకే పెన్నుతో, ఒకే మధ్యాహ్నం సంతకాలు పెట్టేస్తుంటారు. తేదీల గడులు తర్వాత విద్యార్థులే నింపుకుంటారు. వైద్య నైతికత, రోగితో సంభాషణ నేర్పే ఎట్‌కామ్ తరగతులకు రాయవలసిన స్వీయ పరిశీలన పేజీలు సీనియర్ల నుంచి వాట్సాప్‌లో అందుతాయి కాబట్టి, ఎవరో ఎప్పుడో ఒక రోగికి చెప్పిన ఓదార్పు మాటలు ఎందరి పుస్తకాల్లోనో కామాలతో సహా ఒకేలా కనిపిస్తాయి. ఇందుకు నేను విద్యార్థులను తప్పుపట్టను. చదివే దిక్కు లేని రాతకు ఎవరు శ్రమపడతారు?

లాగ్‌బుక్కు ‘రక్త నమూనా తీయడం – చేశాను’ అని ఊరుకుంటుంది. పోర్ట్‌ఫోలియో అంటే విద్యార్థి తాను చేసిన పనిని, దాని నుంచి నేర్చుకున్నదాన్ని తన మాటల్లో రాసుకునే సంకలనం. అందులో అదే విద్యార్థి, విరేచనాలతో నీరసించిన ఒక వృద్ధురాలికి నరం దొరక్క రెండుసార్లు గుచ్చానని, చివరకు పీజీ డాక్టరు వచ్చి రెండో చేతికి టోర్నికే (బిగింపు పట్టీ) కట్టి తీశారని, ఆ రాత్రి తాను ఏమి చదివాడో, మరుసటి వారం ఎలా చేశాడో రాస్తాడు. దాని కింద ఆ పీజీ రాసిన రెండు వాక్యాలు, కొన్నాళ్ల తర్వాత మళ్లీ గమనించిన అధ్యాపకుడి అభిప్రాయం చేరతాయి. వైద్య నైపుణ్యాన్ని జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు మెట్లుగా చూపారు: తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, రోజువారీ పనిలో చేయడం. మన థియరీ పేపర్లు మొదటి రెండు మెట్ల దగ్గర, లాంగ్ కేసులు (ఎగ్జామినర్ల కోసం ఒక రోగిని పరీక్షించి వివరించే ప్రాక్టికల్స్) మూడో మెట్టు దగ్గర ఆగిపోతాయి. ఎగ్జామినర్ ఎదుట చేతులు కడుక్కోని విద్యార్థి ఉండడు. ఓపీ రద్దీలో కడుక్కున్నాడా లేదా అన్నది నెలల తరబడి చూసినవారే చెప్పగలరు.

ఒకే పోర్ట్‌ఫోలియోకు ఇద్దరు అధ్యాపకులు వేర్వేరు మార్కులు వేస్తారన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. స్కాట్లాండ్‌లోని డండీలో ఫైనలియర్ విద్యార్థి పోర్ట్‌ఫోలియోను ఎగ్జామినర్లు ముందుగా చదివి, తర్వాత అతన్ని కూర్చోబెట్టుకుని దానిమీదే ప్రశ్నించే పద్ధతి పెట్టారు. కాపీ చేసిన పేజీ ఆ ప్రశ్నలకు నిలవదు. ఇంకొక చిక్కు ఉంది. నిజాయితీగా రాసుకున్న మాటలు రేపు తమమీదికే వస్తాయేమోనని 2018లో బ్రిటన్ వైద్యులు ఆందోళన చెందారు; ఆ భయం ఇక్కడ ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుచేత రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) ఎక్కడా రాయనీయకూడదు. స్వీయ పరిశీలనకు మార్కులు కూడా వేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే మార్కులు పెట్టిన మరుక్షణం విద్యార్థులు పశ్చాత్తాపాన్ని సైతం బట్టీపడతారు.

సమయం దొరకకపోవడమే అసలు అడ్డంకి. ఓపీ, వార్డు, థియేటర్, తనిఖీల కాగితాల నడుమ నలిగే అధ్యాపకుడికి ఈ పోర్ట్‌ఫోలియోల పని అదనంగా అప్పగిస్తే, కోఠి దుకాణాల్లో అమ్మడానికి మరొక అచ్చు పుస్తకం తయారవుతుంది, అంతే. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ముందుగా జనరల్ మెడిసిన్ ఒక్కదానిలో, హౌస్‌సర్జన్లతో దీన్ని మొదలుపెట్టాలని, ఒక్కో మెంటర్‌కు పదిమందికి మించి ఇవ్వకుండా, ఆ సంభాషణలకు వెచ్చించే గంటలను బోధనా గంటలుగా లెక్కకట్టేలా ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత వైద్య అధ్యాపకుడు, నల్లకుంట, హైదరాబాద్