ఐసింగ్ నున్నగా రావాలంటే

బిడ్డా,

ఈసారి క్రిస్మస్‌కు సెలవు దొరకలేదని, చెన్నైలోనే కుకీలు చేసి పక్కిళ్ల పిల్లలకు పంచుతానని నువ్వు అన్నప్పటి నుంచి ఇంట్లో అదే ముచ్చట. కేక్, కజ్జికాయల సంగతి అమ్మ చెప్తుంది. కుకీల మీద వేసే చక్కెర పూత, అదే ఐసింగ్, దాని గురించి మాత్రం నన్ను రాయమంది.

కుకీలు పూర్తిగా చల్లారాలి. కొంచెం వేడి ఉన్నా ఐసింగ్ కరిగి జారిపోతుంది. ముందురోజు రాత్రే కాల్చి పెట్టుకో.

కొందరు పచ్చి గుడ్డు తెల్లసొనతో చేస్తారు. నువ్వు ఇచ్చేది చిన్నపిల్లలకు కాబట్టి అది వద్దు, సాల్మొనెల్లా భయం ఉంటుంది. బేకింగ్ సామాను షాపులో మెరింగ్ పౌడర్ అడుగు, అది ఎండబెట్టిన తెల్లసొనతో చేసే పొడి. 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు 3 టేబుల్ స్పూన్ల పౌడర్, 5 టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీళ్లు సరిపోతాయి. చక్కెర తప్పకుండా జల్లించు, చిన్న ఉండ మిగిలినా ఐసింగ్ పిండే కోన్ మూతికి అడ్డం పడుతుంది. గిన్నెకు, బీటర్‌కు జిడ్డు ఉంటే నురగ నిలవదు, ముందే నిమ్మచెక్కతో రుద్ది ఆరబెట్టు. 7 నుంచి 10 నిమిషాలు గిలకొడితే మెరుపు తగ్గి గట్టిపడుతుంది.

ఇక అసలు సంగతి నీళ్లు. నానమ్మ సకినాల పిండిని వేళ్ల మధ్య నలిపి చూసి, ఇంకాసిన్ని నీళ్లు చల్లి, మళ్లీ నలిపి చూసేది కదా, ఇక్కడా అంత ఓపిక కావాలి. కుకీ చుట్టూ అంచు గీయడానికి గట్టి ఐసింగ్ కావాలి, స్పూన్ ఎత్తితే కొస నిలబడి మెల్లగా వంగాలి. మధ్యలో నింపేది పల్చగా ఉండాలి. అందులో చాకుతో ఒక గీత గీసి లెక్కపెట్టు. 10, 15 సెకన్లలో గీత మాయమైతే సరిగ్గా ఉన్నట్టు. అంతకన్నా త్వరగా కలిసిపోతే అంచు దాటి కారుతుంది, ఆలస్యమైతే గీతలు గీతలుగానే ఎండిపోతుంది. అందుకే నీళ్లు అర టీస్పూన్ చొప్పునే కలుపు, ఎక్కువైతే చక్కెర వేసుకుంటూ పోవాల్సి వస్తుంది. కలిపాక తడిబట్ట కప్పి 10 నిమిషాలు వదిలెయ్, బుడగలు పైకి వస్తాయి.

అంచు పక్క నుంచి మధ్యకు నింపు. కుకీని పట్టుకుని మెల్లగా ఊపితే దానంతటదే సర్దుకుంటుంది. బుడగ కనిపిస్తే టూత్‌పిక్‌తో వెంటనే పొడువు. పైన పొర కట్టడం మొదలయ్యాక ముట్టుకోకు బిడ్డా, నువ్వు సరిచేద్దామనుకున్న చోటే గుంట పడుతుంది.

రంగులు జెల్‌వే కొను. నీళ్ల రంగు పోస్తే ఇంత కష్టపడి తెచ్చిన పాకం పల్చబడుతుంది. ఎరుపు కలిపి కాసేపు ఉంచితే ముదురుతుంది, అందుకే కావాల్సిన దానికన్నా కొంచెం తక్కువ రంగు దగ్గరే ఆపు. ఎరుపు పూర్తిగా ఎండాకే దాని మీద తెలుపు వెయ్, లేకపోతే రంగు తెలుపులోకి పాకుతుంది.

ఇంకొకటి. మన కాజీపేటలో డిసెంబర్ చలిగాలి పొడిగా ఉంటుంది, రాత్రి పెడితే తెల్లారేసరికి ఎండుతుంది. చెన్నైలో ఈ నెలలో వానలు, తేమ. అక్కడ ఒక పూర్తి రోజు పట్టొచ్చు. ఫ్యాన్ కింద, వీలైతే ఏసీ గదిలో ఆరబెట్టు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు కారిపోతాయి.

22 రాత్రి కాల్చి, 23 పొద్దున ఐసింగ్ వేస్తే 24 సాయంత్రం డబ్బాల్లో సర్దొచ్చు. వరసకూ వరసకూ మధ్య బటర్ పేపర్ వెయ్. ఆ రాత్రి మేము ఫాతిమానగర్ చర్చిలో పూజకు పోతాం, దానికి ముందే ఫోటోలు పంపు. ఎరుపు ఎట్లా వచ్చిందో చూడాలని ఉంది.

మీ బాపు