పేరు రాయొద్దన్న ఆ పికప్ తమ్ముడికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా తమ్ముడు విశాఖ ఆసుపత్రి నుంచి నిన్న సాయంత్రం ఒడిశా రాయగడలోని ఇంటికి చేరాడు. కళ్లు మూతలు పడుతున్నాయి గానీ ఇది రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు. ఉపవాసం ఉండి ప్రార్థించిన మన తెలుగు సంఘానికి, పాస్టరు గారికి, మావారికి, అమ్మకి, పిల్లల్ని చూసుకున్న మా ఆడపడుచుకి కృతజ్ఞతలు. ఇంటివాళ్లకి వేరే చెప్పేదేముంది!

నేను చెప్పాల్సింది ఒక్క మనిషి గురించి.

తమ్ముడి సంగతి మీకు తెలిసిందే. తాగుడు మాని సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడు మీలో చాలామంది ఏడ్చారు. వాడు మానాడు గానీ, లివర్ పాత బాకీ వదల్లేదు. లివర్ గట్టిపడితే రక్తం దానిగుండా సాఫీగా పోలేక వెనక్కి తన్నుతుందట. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఎప్పుడో ఒకప్పుడు పగులుతాయట. ఆ రాత్రి అదే అయింది. బేసిన్‌లోకి రక్తం కక్కుతుంటే అమ్మ చేతులు వణికిపోయి బేసిన్ కింద పెట్టేసింది.

విశాఖ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు ఎక్కాం. కూనేరు దగ్గర ఆంధ్రా బోర్డరు రాగానే బండి ఆగింది. 'మా పరిధి ఇంతవరకేనమ్మా, అటు బండి పిలుచుకోండి' అన్నాడు డ్రైవరు. అటువైపు ఫోన్ చేస్తే ముందు అడ్రసు అడిగారు, ఒడిశా అని చెప్పగానే ఇంకో నంబరు ఇచ్చారు. మావారు ఆ నంబరు కొడుతూనే ఉన్నారు.

మా వెనకాల రాయగడ వైపు నుంచి అనాసపండ్ల లోడుతో ఒక పికప్ వచ్చి ఆగింది. దిగిన అబ్బాయికి ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. ఒడియావాడు, తెలుగు మన రాయగడ తెలుగే. 'టెన్షన్ పడొద్దక్కా, ఎక్కించండి' అన్నాడు. మావారు వెనక పళ్ల మీద కూర్చున్నారు, తమ్ముడి తల నా ఒళ్లో పెట్టుకుని నేను ముందు ఎక్కాను. బండి తీసే ముందు అతను మెడలో గామ్చా (తువ్వాలు) తీసి, సీసాలో నీళ్లతో తడిపి, వాడి మూతి, గడ్డం తుడిచాడు. మడత తిప్పి శుభ్రంగా ఉన్న వైపుతో మళ్లీ తుడిచాడు. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. సొంత అన్నదమ్ములైనా మొహం తిప్పుకునే వాసన అది.

పార్వతీపురం దాకా అతను ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ తర్వాత మేము ఎక్కడికెళ్లినా, ఎవరు చూసినా, మొదటి మాట 'తాగుతాడా?' అనే. మానేశాడని చెబితే ఒక నవ్వు. దేవుడు ఎప్పుడో క్షమించి పక్కన పెట్టిన ఫైలుని వీళ్లంతా ఇంకా తిరగేస్తూనే ఉన్నారు.

పార్వతీపురంలో సెలైన్, ఇంజెక్షన్ పెట్టి విశాఖ పంపారు. పికప్ అబ్బాయికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. లోడు విజయనగరంలో దించాలని వెళ్లిపోయాడు. మావారి దగ్గర ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాడు.

విశాఖలో ఎండోస్కోపీ చేసి ఆ రక్తనాళాలకి రబ్బరు బ్యాండ్లు వేశారు. రక్తం ఎక్కించారు, ఎక్కించినదానికి బదులు ఎవరైనా ఇవ్వాలన్నారు. మావారికి షుగర్, పనికిరాదన్నారు. అదే ఊళ్లో మాకు దగ్గర బంధువు ఒకాయన ఉన్నారు. రక్తం అడిగితే ముందు డ్యూటీ, తర్వాత నీరసం అన్నారు. పేరు చెప్పను, ఇది చదువుతున్నా చదువుతుండొచ్చు. ఆ పొద్దున్నే బ్లడ్ బ్యాంకు గుమ్మంలో అదే గామ్చా కనిపించింది, ఉతికినట్టుంది, ఇంకా తడిగా ఉంది. లోడు దించేసి, ఇంటికి వెళ్లే దారి వదిలేసి బస్సెక్కి వచ్చాడు. 'ఎలా ఉన్నాడో చూసిపోదామని' అన్నాడు. విషయం తెలిసి తనే చొక్కా చెయ్యి మడిచాడు. ఫారంలో రోగికి ఏమవుతారని అడిగారు. తడుముకోకుండా 'తమ్ముణ్ణి' అన్నాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చేశాను.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రూతు గ్రంథం నాలుగో అధ్యాయం తీశాను. విధవరాలు రూతుని, ఆమె అత్త నయోమి పొలాన్ని చివరికి విడిపించింది బోయజు. కానీ ఆ హక్కు ముందుగా అతనిది కాదు, అతని కంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. పొలమైతే సరే అన్నాడు. రూతుని కూడా చేసుకోవాలనేసరికి తన స్వాస్థ్యం, అంటే వారసత్వ ఆస్తి, చెడుతుందని ఆనాటి ఆచారం ప్రకారం కాలి చెప్పు తీసి ఇచ్చేసి తప్పుకున్నాడు. విడిపించడం అంటే ఖర్చు. లేవీయకాండం 25లో ఆ బాధ్యత బీదవాడైనవాడి దగ్గరి బంధువు మీద పెట్టారు. ప్రభువు సిలువ మీద చేసిన విమోచనకి ఒక యూనిట్ రక్తాన్ని పోల్చేంత ధైర్యం నాకు లేదు. కానీ ఆయన మనకి బంధువు కావడానికే మనిషిగా వచ్చాడని ఇన్నేళ్లు విన్న మాట ఆ గుమ్మం దగ్గర నాకు కొత్తగా అర్థమైంది.

ఆ అబ్బాయి మణికట్టుకి మజ్జిగౌరి అమ్మవారి దారం ఉంది. మనవాళ్లలో కొందరు దీనికి ముఖం చిట్లిస్తారని తెలుసు. తనని ఎరగని పర్షియా రాజు కోరెషుని దేవుడు పేరు పెట్టి పిలిచాడని యెషయా 45లో ఉంది, వాళ్లు అది చదవాలి. అదే యెషయా 30లో 'ఇదే త్రోవ' అనే శబ్దం వెనక నుంచి వినబడుతుందని ఉంది. నేను ఎప్పుడూ ముందుకే చూస్తూ నడిపింపు కోసం ప్రార్థించేదాన్ని. ఆ రాత్రి పికప్ కూడా వెనక నుంచే వచ్చింది.

ఒక మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు. మా ఒడిశా ఆరోగ్య కార్డు విశాఖ ఆసుపత్రి కౌంటర్లో చూపిస్తే ఈ కిటికీ కాదు ఆ కిటికీ అన్నారు, చివరికి చేతి డబ్బే కట్టాం. తెలుగు మాట్లాడతాం, పెళ్లిళ్లు, సంతలు అన్నీ అటే. నాగావళి ఏ కార్డూ చూపించకుండా ఇటు నుంచి అటు పోతోంది కదా. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి బోర్డరు ఏంటి? రెండు వైపుల నాయకులూ ఓట్లకి వస్తారు, అప్పుడు అడుగుతాను.

అయ్యో, మర్చిపోయాను. పార్వతీపురంలో రాత్రి డ్యూటీ నర్సమ్మ గారికి, ఫారాలు నింపిపెట్టిన నర్సింగ్ స్టూడెంటుకి, అర్ధరాత్రి షాపు తీసిన మందుల షాపు అబ్బాయికి వందనాలు. స్ట్రెచర్ తోసిన తాతగారు టీకి కూడా డబ్బు తీసుకోలేదు. జేకే పూర్ నుంచి అన్నం పంపిన విజయమ్మత్త... అత్తా, ముందే రాయాల్సింది, ఏమనుకోకు.

ఇంకొకటి. వార్డులో పక్క మంచం పెద్దమ్మగారు ఇచ్చిన నీలం ఫ్లాస్కు మా సామానుతో వచ్చేసింది. వాళ్లది సాలూరు దగ్గర అన్నారు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి, పంపించేస్తాను.