పదిహేనేళ్లు నిండుతున్న కార్ల ఆర్సీ గురించి

సభ్యులకు నమస్కారం. సొంత కారు ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మొదట 15 ఏళ్లకే చెల్లుతుంది కనుక, 2010, 2011 నాటి బండ్లు ఉన్నవారు గడువు తేదీని ఒకసారి చూసుకోగలరు. గడువుకు ముందున్న 60 రోజుల్లో ఫారం 25 (పొడిగింపు దరఖాస్తు) దాఖలు చేసి, బండిని తనిఖీ చేయిస్తే మరో ఐదేళ్లకు పొడిగిస్తారు. ఆలస్యమైతే నెలకు 500 రూపాయల చొప్పున అదనంగా కట్టాలి. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 అయింది. పాత బండ్లపై కాలుష్యం పేరిట వేసే హరిత పన్ను దీనికి అదనం.

పదిహేనేళ్లు దాటిన ప్రతి కారునూ తుక్కు చేయాల్సిందేనన్న ప్రచారాన్ని నమ్మకండి. వయసును బట్టి విధించిన ఆ ఆంక్షలు ఢిల్లీ రాజధాని ప్రాంతానివి, మన రాష్ట్రాలవి కావు. అక్కడి నుంచి చౌకగా వస్తుందని డీజిల్ బండి కొనేవారు మాత్రం ముందుగా ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) చూడాలి.

నా దృష్టిలో రుసుము కన్నా పెద్ద చిక్కు, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మైలేజీ కొంత తగ్గడం అటుంచి, పాత కార్ల ఇంధన మార్గంలోని రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికోసం తయారైనవి కావు. తనిఖీకి వెళ్లేముందు వాటిని మెకానిక్‌కు చూపించి, పగుళ్లుంటే మార్పించండి.